చిన్న మాడ్యూల్ కొనేముందు కెర్నెల్ చూడండి: మూడు బోర్డులతో ఏడేళ్లు

నా దగ్గర మూడు చిన్న బోర్డులు, అంటే చిన్న కంప్యూటర్లు, ఉన్నాయి. ఒకటి రౌటర్‌గా, ఇంకొకటి బ్యాకప్‌లకూ, వెబ్‌సైట్ పేర్లకు ఐపీ చిరునామాలు వెతికిపెట్టే డీఎన్‌ఎస్‌కూ రాత్రింబవళ్లు పనిచేస్తున్నాయి. మూడోది అట్టపెట్టెలో ఉంది. స్పెసిఫికేషన్ల పట్టిక ముందు పెట్టుకుంటే మూడింటిలో గొప్పది ఆ పెట్టెలోనిదే: ఆరు కోర్లు, 4 జీబీ మెమరీ, యూఎస్‌బీ 3, గిగాబిట్ ఈథర్నెట్. 2018లో ఆ పట్టిక చూసే దాన్ని తీసుకున్నాను.

తయారీదారు ఇచ్చిన ఇమేజ్‌ను ఎస్‌డీ కార్డులోకి రాసి పెడితే కాసేపట్లోనే లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది. మొదటి ఏడాది ఏ లోటూ కనిపించలేదు. దానిలో ఉన్నది లినక్స్ 4.4 కెర్నెల్ (హార్డ్‌వేర్‌నూ ప్రోగ్రాములనూ కలిపే కేంద్ర భాగం), తయారీదారు తన సొంత మార్పులు కలిపి కట్టినది. 4.4 విడుదలైంది 2016 జనవరిలో. 2020 మార్చిలో వచ్చిన 5.6 కెర్నెల్‌తో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ లినక్స్‌లో భాగమైంది. నాకు అది కావలసి వచ్చింది. పాత కెర్నెళ్లకు దాన్ని విడిగా కట్టుకునే వీలుంది, కాకపోతే ఆ కెర్నెల్ హెడర్లు, అంటే దానికి తగ్గ కోడు కట్టడానికి కావలసిన ఫైళ్లు, ఉండాలి. తయారీదారు అవి ఇవ్వలేదు. సోర్సు అడిగితే మార్పుల చరిత్ర ఏదీ లేని ఒక పెద్ద టార్ ఫైలు (ఫైళ్ల మూట) పంపారు. దాన్ని కంపైల్ చేస్తే వచ్చిన కెర్నెల్‌లో ఈథర్నెట్ పనిచేయలేదు. 2022 ఫిబ్రవరిలో 4.4కు దీర్ఘకాలిక నిర్వహణ కూడా ముగిసింది. భద్రతా సవరణలు అందని యంత్రాన్ని నెట్‌వర్క్‌లో ఉంచడానికి మనసొప్పక తీసేశాను. ఆ బోర్డులో ఒక్క భాగం కూడా పాడవలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం చేసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. మామూలు పీసీలో ఏ పరికరం ఎక్కడుందో కెర్నెల్‌కు చెప్పే బాధ్యతను యంత్రం వెలగగానే నడిచే ఫర్మ్‌వేర్, అంటే బయోస్ లేదా యూఈఎఫ్‌ఐ, తీసుకుంటుంది. అందుకే ఒకే ఇన్‌స్టాలర్ వేల రకాల పీసీల మీద నడుస్తుంది. ఆర్మ్ రకం ప్రాసెసరున్న చిన్న బోర్డుల్లో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. ఏ చిరునామాలో ఏ పరికరం ఉంది, ఏ పిన్ను దేనికి, ఏ రెగ్యులేటర్ ఎన్ని వోల్టులు ఇస్తుంది అన్నదంతా డివైస్ ట్రీ అనే ఫైలులో రాసి, బూట్‌లోడర్ (కెర్నెల్‌ను లేపే చిన్న ప్రోగ్రాము) ద్వారా కెర్నెల్‌కు అందించాలి. ఆ ఫైలు, దానికి తోడు డ్రైవర్లు మెయిన్‌లైన్ కెర్నెల్‌లోకి, అంటే లినక్స్ అసలు సోర్సులోకి, చేరితే బోర్డు తయారీదారు మీద ఆధారపడకుండా బతుకుతుంది. చేరకపోతే తయారీదారుకు ఆసక్తి ఉన్నన్నాళ్లే దాని ఆయుష్షు.

కాబట్టి ఇప్పుడు బోర్డు పేరు వినగానే నేను మొదట తెరిచేది కెర్నెల్ సోర్సులో డివైస్ ట్రీ ఫైళ్లుండే ఫోల్డరు. బోర్డు పేరుతో ఫైలు ఉంటే సగం భయం తీరినట్టే. తర్వాత ఆ ఫైలు తెరిచి, నాకు కావలసిన పోర్టుల దగ్గర స్థితి ‘ఓకే’ అని ఉందా, ‘డిసేబుల్డ్’ అని ఉందా చూస్తాను. అసలు ప్రస్తావనే లేకపోతే ఆ పోర్టు లేదనే అనుకుంటాను. మార్పుల చరిత్ర కూడా చదువుతాను: ఈ ఏడాది ఎవరైనా ముట్టుకున్నారా, ఒక్కరేనా, పలువురా? ఓపెన్‌బీఎస్‌డీ (లినక్స్ కాని మరో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వాడేవారికి ఇది ఇంకా సులువు. దాని సైటులోని ఆర్మ్64 పేజీలో నడిచే బోర్డుల పేర్లు రాసి ఉంటాయి. అక్కడ లేని బోర్డు జోలికి నేను వెళ్లను.

రౌటర్‌గా ఉన్నది పీసీ ఇంజిన్స్ ఏపీయూ2. ఏఎండీ జీఎక్స్-412టీసీ ప్రాసెసర్, 1 గిగాహెర్ట్జ్ వేగంతో నాలుగు కోర్లు, మూడు ఇంటెల్ గిగాబిట్ పోర్టులు. ఫ్యాను లేదు, వేడంతా అల్యూమినియం పెట్టె అడుగుకు చేరుతుంది. వేళ్లు ఆనిస్తే వెచ్చగా ఉంటుంది, కాలదు. వీడియో పోర్టు లేనే లేదు, అన్నీ సీరియల్ కేబుల్ మీద, మరో కంప్యూటర్ తెరలోనే. ఓపెన్‌బీఎస్‌డీ ఇన్‌స్టాలర్ మొదలవగానే బూట్ ప్రాంప్ట్ దగ్గర సీరియల్ వేగం 115200 అనీ, కన్సోల్ కామ్0 (మొదటి సీరియల్ పోర్టు) అనీ చెప్పాలి. చెప్పకపోతే కేబుల్ అవతల మాట పలుకు ఉండదు, లోపల మాత్రం అంతా నడుస్తూనే ఉంటుంది. ఆ రెండు మాటలు చెప్పాక ఇక వెనుదిరిగి చూడలేదు. ఏటా రెండుసార్లు కొత్త విడుదల, ఒకే ఆదేశంతో అప్‌గ్రేడ్, తనంతట తాను రీబూట్. 2019 నుంచి పదిసార్లకు పైగా ఇలా చేశాను. ఒక్కసారీ మొండికేయలేదు. దీనిలో బయోస్ స్థానంలో కోర్‌బూట్ అనే ఓపెన్ సోర్సు ఫర్మ్‌వేర్ ఉండటం నాకు పెద్ద ఆకర్షణ. ఏఎండీ సోర్సు ఇవ్వకుండా మూసి ఇచ్చిన భాగం కొంత దానిలోనూ ఉందని చెప్పాలి. ఈ బోర్డుల తయారీ ముగిస్తున్నట్టు 2023లో ప్రకటించినప్పుడు నిజంగా బాధపడ్డాను.

రెండోది రాస్ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ 4. 55 మిల్లీమీటర్ల పొడవు, 40 వెడల్పు. అడుగున వంద పిన్నుల కనెక్టర్లు రెండు, వాటితో, పోర్టులుండే క్యారియర్ బోర్డు మీద కూర్చుంటుంది. నేను తీసుకున్నది 4 జీబీ మెమరీ, 32 జీబీ ఈఎమ్‌ఎమ్‌సీ (మాడ్యూల్ మీదే అతికిన నిల్వ చిప్) ఉన్న రకం. దీని మీద డెబియన్ లినక్స్ పెట్టిన మొదటి రోజు కీబోర్డు పనిచేయలేదు. మాడ్యూలే పాడైందనుకున్నాను. విద్యుత్తు ఆదా కోసం దీనిలో యూఎస్‌బీని మొదటి నుంచీ ఆపి ఉంచుతారని, కాన్ఫిగ్ ఫైలులో ఒక వరుస చేర్చాలని పత్రాలు చదివాక తెలిసింది. ఈఎమ్‌ఎమ్‌సీలోకి రాయడానికి కూడా క్యారియర్ మీద జంపర్ పెట్టి, మరో కంప్యూటర్ నుంచి రాయాలి. రెండూ ఒక్కసారి చేసే పనులే.

ఇబ్బంది పెట్టింది మరొకటి, గడియారం. నా మొదటి క్యారియర్ బోర్డులో ఆర్‌టీసీ (కరెంటు లేకున్నా బ్యాటరీతో నడిచే గడియారం) లేదు. మాడ్యూల్‌ను రెండు నెలలు పక్కన పెట్టి మళ్లీ వెలిగిస్తే, తాను ఆగిన రోజే ఈ రోజు అనుకుంది. సమయం సరిచేసుకోవాలంటే, నెట్‌వర్క్ మీద సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వరు చిరునామా కావాలి, దానికి డీఎన్‌ఎస్ కావాలి. ఆ డీఎన్‌ఎస్ నడిపేది ఇదే మాడ్యూల్, పైగా నేను డీఎన్‌ఎస్‌సెక్ తనిఖీ (డీఎన్‌ఎస్ జవాబుల మీది సంతకాలు సరిచూడటం) పెట్టాను. సంతకాల తేదీలు దాని లెక్కలో భవిష్యత్తులో ఉన్నాయి కనుక ఏ పేరునూ నమ్మలేదు. సమయం లేక పేరు దొరకదు, పేరు దొరకక సమయం రాదు. లాగుల్లో ఒకే వరుస పదేపదే చూస్తూ ఒక సాయంత్రమంతా గడిచింది. ఎన్‌టీపీ సర్వరును పేరుతో కాకుండా ఐపీ చిరునామాతో రాసి ఆ రోజు గట్టెక్కాను. తర్వాత సీఆర్2032 బ్యాటరీ పట్టే ఆర్‌టీసీ ఉన్న అధికారిక ఐఓ బోర్డుకు మారాను. గడియారం లేని బోర్డుకు డీఎన్‌ఎస్ పని అప్పగించకండి.

ఈ మాడ్యూల్ విషయంలో నాకు మిగిలిన అసంతృప్తి ఒకటుంది. ఆర్మ్ కోర్లు లేవకముందే చిప్‌లోని వీడియోకోర్ అనే గ్రాఫిక్స్ భాగం మీద మూసిన ఫర్మ్‌వేర్ నడుస్తుంది. పూర్తిగా తెరిచిన యంత్రమే కావాలనుకునేవారు ఇది తెలుసుకుని తీసుకోవాలి.

విద్యుత్తు మాటకొస్తే, పెద్దగా పనిలేని వేళల్లో నా మీటరు మీద ఏపీయూ2 6 నుంచి 7 వాట్లు, కంప్యూట్ మాడ్యూల్ క్యారియర్‌తో కలిపి సుమారు 3 వాట్లు. ఏడాదిలో 8,760 గంటలు, కాబట్టి 3 వాట్లంటే దాదాపు 26 యూనిట్లు. ఆ పనులకే ఇంతకుముందు వాడిన పాత డెస్క్‌టాప్ 60 వాట్లు తాగేది, అంటే 525 యూనిట్లు. ఈ తేడా ముందు, రెండు చిన్న బోర్డుల మధ్య ఒకటి అర వాటు గురించి మథనపడటం అనవసరం.

ఎస్‌డీ కార్డుల గురించి రెండే మాటలు. లాగులు నిరంతరం రాసే యంత్రంలో నాకు రెండు కార్డులు పోయాయి. ఈఎమ్‌ఎమ్‌సీ ఇంతవరకు పోలేదు.

సీరియల్ అడాప్టరు మాత్రం బోర్డుతోపాటే కొనండి, దాని గరిష్ఠ వేగం చూసి మరీ. రాక్‌చిప్ చిప్‌లున్న బోర్డులు చాలావరకు 115200 కాదు, 1500000 వేగంతో మాట్లాడతాయి. నా పాత అడాప్టరు పది లక్షలు దాటలేదు. తెర నిండా పిచ్చి గుర్తులే కనిపిస్తుంటే బూట్‌లోడర్ చెడిందనుకుని దాన్ని మూడుసార్లు తిరగరాశాను. అడాప్టరు మార్చగానే యూ-బూట్ అనే ఆ బూట్‌లోడర్ వరుసలు చక్కగా దిగాయి.

పెట్టెలోని బోర్డుకు మెయిన్‌లైన్‌లో డివైస్ ట్రీ ఈమధ్య చేరింది, తయారీదారుతో సంబంధం లేని ఒకరి చొరవతో. పోయిన నెల డెబియన్ ఎక్కించి చూశాను. ఈథర్నెట్ వచ్చింది, ఆరు కోర్లూ కనిపించాయి, వైర్‌గార్డ్ మొదటి ప్రయత్నంలోనే నడిచింది. యూఎస్‌బీ 3 ఇంకా రాలేదు. ఆ ఒక్క పోర్టు పనిచేసిన రోజున బ్యాకప్ డిస్కును దానికి మారుస్తాను.