ఇద్దరికీ పరీక్షలు కాకుండా ఐవీఎఫ్ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టకండి

పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నవాళ్లు ఐవీఎఫ్‌కి (అండాన్ని, వీర్యకణాన్ని శరీరం బయట కలిపి పిండాన్ని గర్భాశయంలో పెట్టే పద్ధతి) డబ్బు కట్టే ముందు ఇది చదవండి. కూకట్‌పల్లి వైపు ఒక ఫెర్టిలిటీ సెంటర్‌లో మాకు జరిగింది ఇది.

నా రక్తపరీక్షలో ఏఎంహెచ్ (అండాశయాల్లో తయారయ్యే ఒక హార్మోన్) తక్కువ వచ్చింది. డాక్టర్ కాసేపే మాట్లాడి కౌన్సెలర్ దగ్గరికి పంపారు. "ఇప్పుడు చేయకపోతే మీ అండాలతో కష్టం మేడం, డిస్కౌంట్ కూడా ఈరోజే" అని టెన్షన్ పెట్టి అడ్వాన్స్ కట్టించుకున్నారు. మా ఆయనకు వీర్య పరీక్షే రాయలేదు. అండం గర్భాశయానికి వెళ్లే నా ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూడలేదు.

తర్వాత వేరే డాక్టరమ్మను కలిస్తే, ఆవిడ ముందు అడిగింది మా ఆయన రిపోర్టే. చేయిస్తే వీర్యకణాల సంఖ్య, కదలిక రెండూ తక్కువ. వృషణాల దగ్గర సిరలు ఉబ్బే వేరికోసీల్ ఉందని తేలింది. దానికి చికిత్స ఉంది. ఏఎంహెచ్ అనేది అండాలు సుమారుగా ఎన్ని మిగిలాయో చెబుతుందట, వాటి నాణ్యత చెప్పదట. అది తక్కువైనంత మాత్రాన సహజంగా గర్భం రాదని కాదు. ఆ ఒక్క అంకె చూపించి నన్ను ఎంత ఏడిపించారో!

దాదాపు సగం జంటల్లో మగవాళ్ల వైపు కూడా కారణం ఉంటుంది. అయినా మన ఇళ్లలో మాటలన్నీ కోడలికే. హార్మోన్ల తేడాతో వచ్చే పీసీఓఎస్ సమస్య ఉండి అండం విడుదల కాకపోతే చాలామందికి మాత్రలతోనే మొదలుపెడతారు. ఐయూఐకి (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి ఎక్కించడం) కనీసం ఒక ట్యూబు తెరుచుకుని ఉండాలి. రెండూ మూసుకుపోతే ఐవీఎఫ్ సరైన దారే. మన దేశంలో టీబీ వల్ల కూడా అలా మూసుకుపోతాయి. ఆడవాళ్ల వయసు 35 దాటితే ఆరు నెలలు చూసి డాక్టర్ని కలవాలి, ఏడాది ఆగకూడదు. ఐవీఎఫ్ వద్దని నేను అనడం లేదు. కారణం తెలియకుండా అమ్మడం అన్యాయం.

కట్టిన అడ్వాన్స్ వెనక్కి అడిగితే ఆ మొదటి సెంటర్‌వాళ్లు ఇవ్వం అన్నారు. రసీదులో 'ప్యాకేజీ' అన్న మాట తప్ప వివరం లేదు. ఇంజెక్షన్లు, ఇక్సీ (ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించడం), పిండాల ఫ్రీజింగ్ అన్నీ విడిగా అని అప్పుడు చెప్పారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం.

ఐవీఎఫ్ లాంటి చికిత్సల కోసం వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం సెంటర్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, సర్టిఫికెట్ చూపించమనండి. గర్భం గ్యారంటీ అన్నా, మగపిల్లాడే పుడతాడన్నా లేచి వచ్చేయండి. రెండోది నేరం కూడా. ఖర్చు భరించలేనివాళ్లు సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలోని ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రంలో ముందు కనుక్కోండి.