కాన్‌స్టిట్యూషన్ హిల్, జొహానెస్‌బర్గ్: రెండు గంటల టూరే తీసుకోండి

మండేలా కోసం జొహానెస్‌బర్గ్ వెళ్ళేవాళ్ళు ముందు సొవెటోలో విలకాజీ వీధి ఇంటికి పోతారు. ఆ ఇల్లు చూడాల్సిందే. కానీ ఆయన వృత్తిరీత్యా లాయరు, చట్టంతోనే పోరాడిన మనిషి అన్న సంగతి తెలియాలంటే బ్రామ్‌ఫాంటైన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హిల్‌కి రావాలి. ఒకప్పటి జైలు, ఇప్పటి రాజ్యాంగ న్యాయస్థానం ఒకే ఆవరణలో ఉంటాయి.

గైడ్‌తో వెళ్ళే టూర్లు రెండు రకాలు: గంటది, రెండు గంటలది. గంట టూరులో అన్నీ పరుగుమీద చూడాల్సి వస్తుంది. నంబర్ ఫోర్, ఆడవాళ్ళ జైలు, ఓల్డ్ ఫోర్ట్, కోర్టు నాలుగూ నిదానంగా చూడాలంటే రెండు గంటలూ కావాలి. వీలైతే పొద్దున్నే వెళ్ళండి. నడక చాలావరకు ఆరుబయటే. టోపీ, నీళ్ళు, నడవడానికి అనువైన చెప్పులు ఉండాలి.

నల్లజాతి మగ ఖైదీలను పెట్టిన జైలు నంబర్ ఫోర్. తనిఖీ కోసం ఖైదీలు కంబళ్ళను రకరకాల ఆకారాల్లో మడిచి పెట్టేవాళ్ళు. అలా చేసిన మిలటరీ ట్యాంకు ఒకటి ప్రదర్శనలో ఉంది. దాని దగ్గర కాసేపు ఆగండి. మడతలు చూస్తే ఎన్ని గంటలు కూర్చుని చేశారో తెలుస్తుంది. గాంధీ కూడా ఇక్కడ శిక్ష అనుభవించారు; ఆయన మీద విడిగా ఒక ప్రదర్శన ఉంది.

ఓల్డ్ ఫోర్ట్ తెల్ల ఖైదీలది. 1962 ఆగస్టులో అరెస్టయిన మండేలాను మాత్రం ఇక్కడి ఆసుపత్రి విభాగంలో ఉంచారు. ఆ తర్వాత ప్రిటోరియాలో జరిగిన విచారణలో ఆయన తన కేసు తానే వాదించుకున్నారు. తనకు ప్రాతినిధ్యం లేని పార్లమెంటు చేసిన చట్టం తనను ఎలా కట్టేస్తుందని అడిగారు. 5 ఏళ్ళ శిక్ష పడింది. ఈ నేపథ్యం తెలిసి వెళ్తే ఆ గది విలువ తెలుస్తుంది, లేకపోతే మరో గదిలాగే ఉంటుంది.

అసలు గొప్పతనం కోర్టు భవనానిది. విచారణ ఖైదీల బ్లాకును కూల్చి, ఆ ఇటుకలతోనే లోపలి గోడలు కట్టారు. మెట్ల గోపురాలు నాలుగింటిని మాత్రం అలాగే నిలిపారు. ముఖద్వారం మీద 27 హక్కుల అంశాలు చెక్కి ఉన్నాయి, సంజ్ఞా భాషలో కూడా. జడ్జీల పీఠం ముందుభాగానికి ఆవుతోళ్ళు తొడిగారు. వెనుక గోడలో సన్నటి పొడవాటి కిటికీ. బయట నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే అందులో కనిపిస్తాయి. జడ్జీలకంటే ఎత్తులో జనం! విచారణలు పనిరోజుల్లోనే, ఎవరైనా వెళ్ళి వినొచ్చు. కాబట్టి శని, ఆదివారాలు కాకుండా ప్లాన్ చేసుకోండి.

మండేలా 1996 డిసెంబర్ 10న సంతకం చేసిన దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో, గౌరవించి ప్రోత్సహించాల్సిన భాషల జాబితాలో తెలుగు ఉంది. 6వ సెక్షన్ తీసి చూడండి.

ఇక్కడ లోటు ఒకటే, ఆయన ప్రాక్టీసు గురించి చెప్పింది తక్కువ. అది తీరాలంటే మెజిస్ట్రేట్ కోర్టు ఎదురుగా ఫాక్స్ వీధిలోని చాన్సలర్ హౌస్‌కి వెళ్ళాలి. 1952లో మండేలా, తోటి లాయరు ఆలివర్ టాంబో కలిసి ఆఫీసు తెరిచింది అక్కడే. నల్లవాళ్ళకు అద్దెకిచ్చే భవనాలు అరుదైన రోజుల్లో ఈ భారతీయుల భవనం దొరికింది. పాస్ (నల్లవాళ్ళు వెంట ఉంచుకోవాల్సిన అనుమతి పత్రం) లేదని పట్టుబడ్డవాళ్ళు, భూమి నుంచి గెంటేయబడ్డవాళ్ళు మెట్ల దాకా నిండిపోయేవాళ్ళు. 1954లో ఆయనను లాయర్ల జాబితా నుంచి తీసేయాలని లాయర్ల సంఘమైన లా సొసైటీ కోర్టుకెక్కింది, ఓడిపోయింది. ఇక్కడ ప్రదర్శన కిటికీ అద్దాల వెనుక ఉంటుంది, వీధిలోంచే చదువుకోవచ్చు, టికెట్ లేదు. ఎదురుగా బాక్సింగ్ చేస్తున్న మండేలా శిల్పం. హిల్ నుంచి ఇక్కడికి నడవకండి, పగటిపూటే క్యాబ్‌లో రండి.