కొడితే బిగిసే పిండి, ఊపితే పలచబడే జిగురు: పిల్లల సైన్స్ కిట్ ఎలా ఉందంటే

ఈ కిట్‌లో నాకు బాగా నచ్చింది గ్లిజరిన్ సీసా. వింత ద్రవాల పేరుతో వచ్చే డబ్బాల్లో మామూలు ద్రవం పెట్టాలన్న ఆలోచన చాలామందికి రాదు. గ్లిజరిన్‌ని మెల్లగా కలిపినా, గబగబా కలిపినా దాని చిక్కదనం మారదు, వేడి చేస్తేనే పలచబడుతుంది. 1687లో న్యూటన్ ద్రవాల గురించి చెప్పింది ఇలాంటి పద్ధతైన ప్రవర్తనే. ముందు దీన్ని కలిపి చూస్తేనే మిగతావాటిలో వింత ఏమిటో పిల్లలకు తెలుస్తుంది. నేను ఆరో తరగతి వాళ్లకి సైన్స్ చెబుతాను, వాళ్లకి ఈ వరుసలోనే చూపించాను.

తర్వాత కార్న్‌ఫ్లోర్. రెండు కప్పుల పిండికి సుమారు ఒక కప్పు నీళ్లు. వేలు మెల్లగా దించితే మునిగిపోతుంది, పిడికిలితో గుద్దితే గట్టి నేల తగిలినట్టే. మెల్లగా కదిపినప్పుడు రేణువుల మధ్య నీటి పొర ఉంటుంది కాబట్టి అవి జారుకుంటాయి. ఒక్కసారిగా గుద్దితే ఆ పొర నలిగి రేణువులు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి, ఇరుకు గుమ్మంలో తోసుకుంటున్న జనంలా ఎటూ కదల్లేక బిగుసుకుంటాయి. చెయ్యి తీయగానే మళ్లీ కారిపోతుంది. ఇది ఎన్నిసార్లు చేసినా పిల్లలకు విసుగు రాదు, నిజం చెప్పాలంటే నాకూ రాదు.

ఆహారాన్ని చిక్కబరచడానికి వాడే జాంతన్ గమ్ పొడి దీనికి పూర్తిగా వ్యతిరేకం. నీళ్లలో చిటికెడు చిటికెడుగా చల్లుతూ కలపాలి, లేకపోతే ఉండలు కడుతుంది. కదపకుండా ఉంచితే గాలి బుడగలు పైకి రాకుండా మధ్యలోనే ఆగిపోతాయి. సీసా ఊపితే పలచబడి సులువుగా కారుతుంది, ఎందుకంటే చిక్కుపడి ఉన్న పొడవాటి అణువులు లాగుడికి ఒకే దిశలో సర్దుకుంటాయి. గోడ రంగులోనూ ఈ గుణమే పనికొస్తుంది: కుంచె కింద సాగుతుంది, గోడకి అంటాక కారదు.

అసలు లోపం బుక్‌లెట్‌లో ఉంది. "న్యూటన్ నియమం పాటించని ద్రవాలన్నీ దెబ్బకు గట్టిపడతాయి" అని ధైర్యంగా అచ్చేశారు. అదే డబ్బాలో జాంతన్ గమ్ పెట్టి ఆ మాట ఎలా రాశారో! ఆ పేజీని నేను పిల్లలకే ఇచ్చి తప్పు పట్టమన్నాను, అదే మంచి పాఠమైంది.

సిలికాన్ పుట్టీ ముద్ద మరీ చిన్నది. 1943లో రబ్బరుకు బదులు వెతుకుతూ జేమ్స్ రైట్ అనే ఇంజనీరు సిలికాన్ నూనె, బోరిక్ ఆమ్లం కలిపి చేసిన పదార్థం ఇలాంటిదే. బంతిలా ఎగురుతుంది, బల్ల మీద వదిలేస్తే మెల్లగా పరుచుకుంటుంది. నలుగురు పిల్లలుంటే కొట్లాట ఖాయం.

డబ్బా మీద ఐదేళ్లు దాటినవాళ్లకని ఉంది. ఆడుకోవడానికి సరే గానీ, అర్థం కావాలంటే తొమ్మిదేళ్లైనా ఉండాలి. నా మార్కులు ఐదుకి మూడున్నర. ఒక జాగ్రత్త: పిండి మిశ్రమాన్ని సింకులో పోయకండి, పైపులో పేరుకుపోతుంది. పళ్లెంలోనే ఆరనిచ్చి, పొడిగా అయ్యాక చెత్తబుట్టలో వేయండి.