అడవి చెట్ల గింజలు కావాలంటే ఈ షాపుకు పోండ్రి (మహబూబ్‌నగర్)

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర గల్లీల చిన్న ఇత్తనాల దుకాణం ఇది. కూరగాయల ఇత్తనాలు యాడనైనా దొరుకుతయ్ గానీ ఇక్కడ రేల, తంగేడు, మోదుగ, కానుగ గింజలు గూడ అమ్ముతరు. మా చెల్క గట్టుకు పెట్టనీకి తీస్కున్న, మంచిగ మొలిచినయ్.

నాకు బాగా నచ్చింది వీళ్లు గింజల్ని దాచే తీరు. ప్రతి డబ్బా మీద ఏ నెలల ఏరిన్రో రాసుంటది, గాలి చొరని డబ్బా, అండ్ల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం, అన్నీ ఏసీ ఉన్న లోపలి రూంల పెడతరు. మన దిక్కు ఎండలు తెల్సిందే కదా, రేకుల షెడ్డు కింద గోనెసంచిల ఉన్న గింజ పైకి మంచిగనే కనబడతది గానీ లోపల పానం ఉండది, దానికి తోడు వానకాలం తేమ తగిలిందంటే బూజు, పురుగు. గింజల తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు డబుల్ అయితదని, దాచే జాగల వేడి 5 డిగ్రీలు తగ్గినా అంతేనని హారింగ్టన్ అనే సైంటిస్టు చెప్పిన లెక్కుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ (పంటల పరిశోధన సంస్థ) జీన్ బ్యాంకుల, అంటే ఇత్తనాలు ఏండ్లకేండ్లు దాచే జాగల, మైనస్ 20 డిగ్రీల పెట్టేది గూడ అందుకే.

అన్ని గింజలకు ఈ లెక్క నడవది మళ్లా. ఇప్ప గింజ ఎండితే సచ్చిపోతది, వేప గింజ మామూలుగ పెడితే కొన్ని వారాలకే మొలిచే శక్తి పడిపోతది. చలికాలంల పోయి వేప గింజలు అడిగితే షాపాయన "ఇప్పుడు లేవన్నా, ఆషాఢంల రా, పండు రాలంగనే ఇస్త" అన్నడు. ఏదో ఒకటి అంటగట్టొచ్చు, కానీ అట్ల చెయ్యలే, ఆ మాటకే నాకు నమ్మకం కుదిరింది. వేరే జాగల పాత గింజలు కొని సీజనంతా పోగొట్టుకున్న రైతులు మస్తుమంది ఉన్నరు.

రెండు మార్చుకోవాలె. రేల, తంగేడు గింజల తోలు గట్టిది, గీకి గానీ వేడినీళ్లల్ల నానబెట్టి గానీ పెట్టకుంటే నీళ్లు లోపలికి పోవు, ఈ ముచ్చట పాకెట్ మీద రాయలే, తెల్వనోళ్లు గింజలే ఖరాబని పడేస్తరు. ఇంకోటి, అంత మంచిగ దాచి ఆఖరికి పల్చటి కవర్ల కట్టిస్తరు, అందుకే మూత గట్టిగున్న సీసా మీరే తీస్కపోండ్రి. ఇంట్ల ఫ్రిజ్‌ల పెడితే బయటికి తీసినంక సీసా చల్లదనం పోయేదాక మూత తియ్యొద్దు, తీస్తే లోపల చెమ్మ పడతది. మోదుగ, కానుగ మాత్రం దాచుడు పెట్టుకోకుండా ఆ వానకాలమే పెట్టేయుండ్రి.