డీవీడీ స్టైలర్ 3.2.1: దించుకున్న వీడియోలు పాత ప్లేయర్‌లో ఆడించాలంటే

బొబ్బిలి, చీపురుపల్లి, గజపతినగరం వైపు ఇళ్ళల్లో డీవీడీ ప్లేయర్ ఇంకా అటక ఎక్కలేదు. పెద్దవాళ్ళకి స్మార్ట్ టీవీ మెనూల్లో తిరగడం కన్నా డిస్కు పెట్టి ప్లే నొక్కడమే తేలిక. డ్రైవ్ లింకులోంచి దించిన పెళ్ళి వీడియో, విజయనగరం సిరిమాను ఉత్సవం రికార్డింగు, తాతగారికి ఇష్టమైన హరికథ వాళ్ళకి డిస్కు మీద ఇవ్వాలంటే, వీడియోని ప్లేయర్ చదివే డీవీడీ రూపంలోకి మార్చే డీవీడీ స్టైలర్ అనే సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది. ఉచితం, వాటర్‌మార్కు వెయ్యదు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. మార్చే పని దానికి ఒప్పజెప్పండి. డిస్కు రైట్ చేసే పని మాత్రం వేరే దానితో చేయించుకోవాలి, ఎందుకో కింద ఉంది. (కొత్త సినిమాలు దించి డిస్కులు కొట్టి అమ్మడం 1957 కాపీరైట్ చట్టం కింద నేరం. ఆ పనికి ఈ రివ్యూ చదవక్కర్లేదు.)

డిస్కు రైట్ చేసిచ్చే చోట్ల తరచూ కనబడే తప్పు ఒకటుంది. ఎంపీ4 ఫైలుని ఉన్నదున్నట్టు డిస్కు మీదకి లాగేస్తారు. షాపు కంప్యూటర్లో బ్రహ్మాండంగా ఆడుతుంది, ఇంటికెళ్ళాక ప్లేయర్ చదవనంటుంది. పాత ప్లేయర్‌కి కావలసింది వీడియో_టీఎస్ ఫోల్డరు, అందులో ఐఎఫ్ఓ, వీఓబీ ఫైళ్ళు, ఎంపెగ్-2 వీడియో, 48 కిలోహెర్ట్జ్ ఆడియో. ప్లేయర్ ముందు డివ్‌ఎక్స్ గుర్తుంటే ఎక్స్‌విడ్ ఏవీఐ ఆడవచ్చు గానీ, ఇప్పుడు మనం దించుకునే హెచ్.264 రకం ఎంపీ4 ఫైళ్ళు ఆడవు. డబ్బులిచ్చే ముందు డిస్కు తెరిచి ఆ ఫోల్డరు ఉందో లేదో చూసుకోండి.

కొత్త ప్రాజెక్టు తెరవగానే స్టైలర్ డిస్కు సైజు, వీడియో ఫార్మాట్, బొమ్మ ఆకారం, ఆడియో అడుగుతుంది. 4.7 జీబీ, పాల్ (మన దేశపు టీవీ పద్ధతి, సెకనుకి 25 ఫ్రేములు), 16:9, ఏసీ3 (డాల్బీ ఆడియో) పెట్టండి. ఇంట్లో ఉన్నది డబ్బా టీవీ అయితే 4:3. బిట్‌రేట్ (ఒక్కో సెకను వీడియోకి వాడే డేటా) ‘ఆటో’లో ఉంచితే నిడివిని బట్టి డిస్కు నిండేలా తనే సర్దుతుంది.

ఈ ఆటో మీద భారం వేసి వదిలేస్తేనే బొమ్మ చెడుతుంది. 4.7 జీబీ డిస్కులో ఆడియోకి పోగా వీడియోకి మిగిలేది రెండు గంటల నిడివికి సుమారు 4.7 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు), రెండున్నర గంటలకి 3.8, మూడు గంటలకి 3.1. హరికథకి మూడు ఎంబీపీఎస్ చాలు. దాసుగారు ఒకచోటే నిలబడతారు, వెనక తెర కదలదు, చిడతలు పట్టిన చెయ్యి, మెడలో దండ తప్ప ఫ్రేముకీ ఫ్రేముకీ పెద్దగా మారేది ఉండదు. సిరిమాను వీడియో అలా కాదు. కోట నుంచి మూడు లాంతర్ల దాకా జనం, అందరి తలలూ కదులుతుంటాయి, మధ్యలో అరటిపళ్ళు గాల్లోకి లేస్తాయి, కెమెరా ఒక్క క్షణం నిలవదు. దాన్ని మూడు ఎంబీపీఎస్‌లో ఇరికిస్తే తలలన్నీ గళ్ళగళ్ళుగా కలిసిపోతాయి, మాను కొన మీద కూర్చున్న పూజారి ఒక మచ్చలా మిగులుతారు. అలాంటిదాన్ని డిస్కుకి గంటన్నరకి మించనివ్వొద్దు, రెండు డిస్కులు చెయ్యండి. తప్పనిసరిగా మూడు గంటలు ఒకే డిస్కులో పట్టాలంటే 720×576 రిజల్యూషన్ బదులు 352×576 ఎంచుకోండి. అది కూడా డీవీడీ నిబంధనల్లో ఉన్నదే. కొంచెం మెత్తగా కనబడుతుంది గానీ గళ్ళు తగ్గుతాయి.

గంటలోపు వీడియో ఉందని చివరిదాకా పెంచడమూ మంచిది కాదు. నిబంధన ప్రకారం వీడియోకి 9.8 ఎంబీపీఎస్ దాకా పోవచ్చు, కానీ ఇంట్లో రైట్ చేసిన డిస్కు 8 దాటితే అరిగిన లెన్సున్న ప్లేయర్ ఆగి ఆగి ఆడవచ్చు.

ఫోన్లో తీసిన వీడియోలతో ఇంకో తంటా. ఫోను సెకనుకి తీసే ఫ్రేములు వెలుతురుని బట్టి మారుతుంటాయి. నేరుగా స్టైలర్‌లో వేస్తే మొదట్లో బాగానే ఉండి, అరగంట గడిచేసరికి మాట ఒకచోట, పెదవి ఒకచోట అవ్వచ్చు. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేసి 25 ఫ్రేములు, ‘కాన్‌స్టంట్’ (ఫ్రేముల వేగం మారకుండా), ఆర్ఎఫ్ (నాణ్యత అంకె) 18 పెట్టి ఒక ఎంపీ4 తీసి, దాన్ని స్టైలర్‌కి ఇవ్వండి. 30ని 25 చేస్తే సెకనుకి అయిదు ఫ్రేములు పోతాయి, కెమెరా పక్కకి తిప్పిన చోట చిన్న కుదుపు తెలుస్తుంది. ఆ కుదుపు వద్దనుకుంటే హ్యాండ్‌బ్రేక్‌లో 29.97, స్టైలర్‌లో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ వాడిన టీవీ పద్ధతి) పెట్టండి. మన దగ్గర అమ్మిన ప్లేయర్లు చాలావరకు రెండూ ఆడతాయి. బాగా పాత టీవీ అయితే బొమ్మ నలుపు తెలుపుగా రావచ్చు, పైకీ కిందకీ జారిపోవచ్చు. నిలువుగా తీసిన వీడియోకి అటూ ఇటూ నల్ల పట్టీలు రానివ్వండి, లేకపోతే పెళ్ళికూతురు అడ్డంగా సాగిపోతుంది.

తెలుగు సబ్‌టైటిల్స్ దగ్గర స్టైలర్‌కి మార్కులు వెయ్యలేం. డీవీడీలో సబ్‌టైటిల్ అంటే అక్షరాలు కాదు, బొమ్మ. ఆ బొమ్మ గీసే భాగం ఒక్కో అక్షరాన్ని విడివిడిగా పెడుతుంది కాబట్టి మన వత్తులు, గుణింతాలు చెల్లాచెదురవుతాయి. ‘స్త్రీ’ లాంటి మాట గతి చెప్పక్కర్లేదు. సబ్‌టైటిల్స్ ఉండే ఎస్ఆర్‌టీ ఫైలుని హ్యాండ్‌బ్రేక్‌లోనే ‘బర్న్ ఇన్’ (వీడియో బొమ్మలోనే అచ్చువెయ్యడం) చేసుకోండి, అక్కడ సరిగ్గా కూర్చుంటాయి. తర్వాత ఆపుకోవడానికి ఉండదు, అంతే. డబ్బా టీవీలు అంచుల్లో కాస్త బొమ్మని మింగేస్తాయి, అందుకని అక్షరాలు మరీ అడుగుకి రాకుండా చూడండి. మెనూ బటన్లకీ ఇదే జాగ్రత్త. మెనూ గురించి ఇంతకన్నా చెప్పేది లేదు, ఇచ్చిన టెంప్లేట్లు పాతకాలపువే గానీ పని చేస్తాయి.

చివర్లో ‘బర్న్’ అనే చోట నేరుగా డిస్కుకి వెళ్ళకుండా ఐఎస్ఓ ఇమేజ్ (డిస్కు మొత్తం ఒకే ఫైలుగా) తీసుకోండి. తాత్కాలిక ఫోల్డరుకి ఓ 10 జీబీ ఖాళీ ఉండాలి, ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషులో పొట్టిగా ఉంటే మేలు. ఆ ఐఎస్ఓని కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్‌తో తెరిచి మెనూ, ఆడియో చూశాకే డిస్కు ముట్టుకోండి. డీవీడీ-ఆర్ ఒక్కసారికే, తప్పు రాస్తే చెత్తబుట్టకే.

రైటింగుకి ఇమ్గ్‌బర్న్ 2.5.8.0. 2013 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు, అయినా దీనికి సాటొచ్చేది తక్కువ. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వేరే సాఫ్ట్‌వేర్ అంటగట్టబోతుంది, ఆ టిక్కులు తీసెయ్యండి. 16ఎక్స్ వేగం డిస్కుని 4ఎక్స్‌లోనో 8ఎక్స్‌లోనో రాయండి. 4ఎక్స్‌లో నిండు డిస్కుకి పావుగంట పడుతుంది. ‘వెరిఫై’ టిక్కు ఉంచండి. మధ్యలో కరెంటు పోతే డిస్కు పోయినట్టే, కాబట్టి ల్యాప్‌టాప్ గానీ యూపీఎస్ గానీ ఉండాలి.

ఖాళీ డిస్కు పెట్టగానే ఇమ్గ్‌బర్న్ కుడివైపు అసలు తయారీదారు కోడ్ చూపిస్తుంది. ‘ఎంసీసీ 03ఆర్‌జీ20’ అంటే ఒకప్పటి మిత్సుబిషి కెమికల్ డిస్కుల కోడ్, ‘సీఎంసీ మ్యాగ్. ఏఎం3’ అంటే తైవాన్ సీఎంసీ. డబ్బా మీద బ్రాండు కన్నా ఈ కోడ్‌ని నమ్మాలి. మన దేశంలో డిస్కులు చేసిన మోసర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కి వెళ్ళింది, ఇప్పుడు ఆ పేరుతో దొరికేది పాత సరుకో మరొకటో ఆలోచించి కొనండి. డిస్కు లోపలి నుంచి అంచు వైపుకి రాస్తుంది, నాసిరకం డిస్కు ముందుగా చెడేది ఆ అంచు దగ్గరే. అందుకని ప్లేయర్‌లో మొదట చివరి అయిదు నిమిషాలు వేసి చూడండి.

డిస్కుకి కాగితం స్టిక్కరు వద్దు, బరువు ఒక పక్కకి లాగితే తిరిగేటప్పుడు ఊగుతుంది. బాల్‌పెన్ను కూడా వద్దు. సీడీ మార్కర్‌తో పేరు, తేదీ, పాలో ఎన్‌టీఎస్‌సీనో రాస్తే చాలు.