గరుకు అక్షరాల పలకలు, విడి అక్షరాల పెట్టె: ఏది కొనాలి, ఏది వద్దు

బడికి వెళ్లకముందే పిల్లలకు చదువు నేర్పే సామాను మూడు రకాలు. పాపాయిల పేరుతో అమ్మే పదాల కార్డులు, వీడియోలు ఒకటి. గరుకు కాగితం అతికించిన అక్షరాల పలకలు రెండోది. ఒక్కో అక్షరాన్నీ విడిగా కోసి పెట్టెలో సర్దినవి మూడోది. మొదటిది కొనకండి. రెండోది మూడేళ్లు నిండిన పిల్లలకు నిజంగా పనికొస్తుంది. మూడోదీ మంచి వస్తువే, కానీ తెలుగుకి వచ్చేసరికి తయారీలోనే చెడుతుంది కాబట్టి చూసి కొనాలి.

ముందు కార్డుల సంగతి. తొమ్మిది నెలల పాపకీ చదువు వస్తుందని అమ్మిన 'యువర్ బేబీ కెన్ రీడ్' కిట్ మీద అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2012లో తప్పుడు ప్రచారమంటూ కేసు పెట్టింది. ఇలాంటి కిట్‌నే 9 నుంచి 18 నెలల పిల్లలు 117 మందితో పరీక్షించిన పరిశోధన 2014లో వచ్చింది. ఏడు నెలలు వాడినా, 14 కొలతల్లో 13 చోట్ల వాడినవాళ్లకీ వాడనివాళ్లకీ తేడా లేదు. తేడా వచ్చిన ఆ ఒక్కటీ పిల్లల్లో కాదు, తమ బిడ్డ చదువుతోందన్న తల్లిదండ్రుల నమ్మకంలో! కారణం కష్టమైనదేం కాదు. పాప గుర్తుపట్టేది పదాన్ని కాదు, కార్డుని. దాని రంగు, మూలన ఉన్న మరక, పదం పొడవు, ఇవే గుర్తులు. అదే పదాన్ని పెన్సిల్‌తో వేరే కాగితం మీద రాసి చూపించండి, తేలిపోతుంది.

గరుకు పలకలు మాంటిస్సోరి బడుల నుంచి వచ్చినవి. చూపుడువేలు, మధ్యవేలు కలిపి అక్షరం మీద రాసే దిశలోనే నడుపుతూ ధ్వని పలకాలి. కన్ను, చెవి, వేలు మూడూ ఒకేసారి పనిచేస్తాయి. కొనేటప్పుడు పలక బరువు చూడండి. పల్చటి అట్ట అయితే వేలు కదిలినప్పుడల్లా పలకా కదులుతుంది, పిల్లలకు విసుగు పుడుతుంది. నాలుగైదు మిల్లీమీటర్ల ప్లైవుడ్ కుదురుగా కూర్చుంటుంది. గరుకు కాగితం నంబరు 120 నుంచి 150 మధ్య ఉంటే సరి. 80 అయితే వేలు గీరుకుంటుంది, 220 దాటితే నున్నగా ఉండి ఏమీ తెలియదు. గీత మరీ లావుగా ఉంటే ఋ, ఝ, ణ లాంటి వాటిలో సున్నాలు మూసుకుపోతాయి. అ, క మాత్రమే ముట్టుకుని చూసి కొనేస్తే ఈ లోపం కంటబడదు.

గాడి తవ్విన చెక్క పలకలు చూడ్డానికి బాగుంటాయి. కానీ గాడిలో వేలు ఎటూ తప్పిపోదు, అందుకే తప్పు కూడా తెలియదు. గరుకు మీదైతే వేలు నున్నటి చెక్క మీదికి జారగానే పిల్లకే అర్థమవుతుంది, మనం చెప్పక్కర్లేదు. అక్షరం పక్కనే బొమ్మ ఉన్న సెట్లు కూడా వద్దు. అ చూసి 'అమ్మ' అంటారు, అంటే చదివింది బొమ్మనే. ణ దగ్గర వీణ బొమ్మ వేస్తారు, పాపం ఆ పిల్లవాడికి వినిపించే మొదటి ధ్వని 'వీ'.

వాడకంలో జరిగే పెద్ద పొరపాటు వరస. అ ఆ ఇ ఈ అంటూ మొదలుపెడితే పదం ఒక్కటీ కుదరకుండానే వారాలు గడుస్తాయి. అ, ల, త, జ, డ, ర ఇచ్చి చూడండి. ఈ ఆరింటితోనే అల, తల, జడ, జత, అర, లత వచ్చేస్తాయి. రూపాలు కూడా ఒకదానితో ఒకటి కలవవు. వ, ప, మ, ష ఒకే వారంలో ఇవ్వకూడదు. ద, ధ, థ కూడా అంతే.

రోజుకి రెండు మూడు అక్షరాలు, ఐదు నిమిషాలు చాలు. వేళ్లు గోరువెచ్చని నీళ్లతో కడిగి తుడిస్తే స్పర్శ బాగా తెలుస్తుంది. ముందు 'ఇది త' అని మీరే చెప్పండి. తర్వాత 'త ఏది?' అని అడగండి. ఈ రెండో మెట్టు మీదే ఎక్కువసేపు ఆడించాలి. చివరికి మాత్రమే 'ఇదేమిటి?' అనాలి. ఆ ప్రశ్నకి జవాబు రాకపోతే దిద్దకుండా మొదటి మెట్టుకి వెళ్లండి. చాలామంది మొదటి రోజే మూడో ప్రశ్న వేసి, పిల్లకి రావట్లేదని పలకలు అటకెక్కిస్తారు.

ఇక విడి అక్షరాల పెట్టె. ఒక్కో అక్షరం ఒక్కటే ఉన్న పెట్టె తీసుకోకండి. పిల్లలు ముందుగా కూర్చాలనుకునేవి తాత, మామ, పాప, కాకి. వీటన్నిటిలో అక్షరం రెండుసార్లు వస్తుంది! ప్రతి హల్లూ కనీసం రెండు, దీర్ఘాలు మూడు నాలుగు ఉండాలి. అసలు చిక్కు తలకట్టు దగ్గర. గుడి పెట్టాలంటే తలకట్టు తీసేయాలి. తలకట్టుతో కలిపి కోసిన క మీద గుడి పెడితే రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుని, ఎక్కడా లేని అక్షరం తయారవుతుంది. తలకట్టు విడిగా ఉన్న సెట్ దొరికితే వెంటనే తీసుకోండి. దొరక్కపోతే మందపాటి అట్ట మీద రాసి, కత్తెరతో కోసుకోవడం మేలు. వత్తుల జోలికి ఈ వయసులో వెళ్లనక్కర్లేదు. విడి ముక్కలు చిన్నవి కాబట్టి నోట్లో పెట్టుకునే పిల్లలున్న ఇంట్లో పెట్టెని వాళ్లకి అందనంత ఎత్తులో ఉంచాలి.

గరుకు పలకల్ని తడిగుడ్డతో తుడవకండి, అంచులు లేస్తాయి. పొడి బ్రష్ చాలు. లేచిన అంచుకి చెక్క జిగురు రాసి రాత్రంతా బరువు పెడితే మళ్లీ అతుక్కుంటుంది.