బీపీకి ఆమ్లోడిపిన్ మేలా, రామిప్రిల్ మేలా?

రెండూ సాధారణంగా రోజుకొక్కసారి వేసుకునేవే. హైదరాబాద్‌లోని జన ఔషధి కేంద్రాల్లో జనరిక్ రూపంలో చవకగా దొరుకుతాయి కనుక ఖర్చు గురించి తర్జనభర్జన అనవసరం.

ఆమ్లోడిపిన్‌తో సాయంత్రానికి చీలమండలు వాచి, సాక్సు అంచు చర్మంపై గాడిలా పడవచ్చు. రామిప్రిల్‌తో కొందరిని పొడి దగ్గు వేధిస్తుంది. అప్పుడు సిరప్పులు మార్చి మార్చి తాగడం కన్నా మాత్ర సంగతి వైద్యునికి చెప్పడం మంచిది. పెదవులో నాలుకో వాస్తే మాత్రం మాత్ర ఆపి వెంటనే అత్యవసర చికిత్సకు వెళ్లాలి.

రామిప్రిల్‌కు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), పొటాషియం రక్తపరీక్షలు తప్పవు; ఆ మాత్ర పొటాషియంను పెంచగలదు. మూత్రపిండాలు బలహీనమైనవారు ఎండాకాలమని రోజూ కొబ్బరినీళ్లు తాగితే పొటాషియం మరింత పెరగవచ్చు. ఆమ్లోడిపిన్‌కు ఆ బాదరబందీ లేదు.

మధుమేహంతో మూత్రంలో ప్రోటీన్ పోతున్నవారికి వైద్యులు రామిప్రిల్ వైపే మొగ్గుతారు. గర్భిణులకు అది తగదు. వయసు పైబడి, తరచూ రక్తపరీక్షలకు వెళ్లలేనివారికి ఆమ్లోడిపిన్ అనువుగా ఉంటుంది.